కుక్కర్ విజిల్‌కే మంచం కింద దూరే పిల్లి: ఏం చేస్తే కుదుటపడుతుంది?

సున్ని_వాళ్ళమ్మ
మా సున్నికి రెండేళ్ళు. ఆడది, నాటు పిల్లి, ఆపరేషన్ అయింది, బరువు మూడున్నర కిలోలు. కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, రెండు పడకగదుల ఫ్లాట్. బయటికి వదలం. చిన్నప్పటి నుంచీ బెరుకే గానీ నాలుగు నెలలుగా మరీ ఎక్కువైంది. కుక్కర్ విజిల్, మిక్సీ, కాలింగ్ బెల్, స్టీలు గిన్నె జారిపడటం, ఆఖరికి ఎవరైనా గట్టిగా తుమ్మినా సరే, తోక ఉబ్బిపోయి ఒక్క గెంతున మంచం కిందకి. రెండు మూడు గంటలు బయటికి రాదు. అందరం పడుకున్నాకే తింటోంది. పోయిన వారం రెండుసార్లు లిట్టర్ ట్రేలో (దాని మలమూత్రాలకి పెట్టిన ఇసుక పళ్ళెం) కాకుండా సోఫా వెనక పోసింది. బయటికి లాగి ఒళ్ళో పెట్టుకుని నిమిరితే అదే అలవాటవుతుందని మావారు అంటారు. లాగితే గీరుతోంది. ఇంట్లో అత్తగారు, తొమ్మిదేళ్ళ బాబు ఉన్నారు. చప్పుడు లేకుండా సంసారం నడవదు కదా. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారి_గట్టు
ఆ లాగడం ఇవాళే మాన్పించండి. భయపడ్డ పిల్లికి దాక్కోవడమే మందు. దాక్కున్న చోటి నుంచి లాగితే ఆ చోటు మీదా నమ్మకం పోతుంది, లాగిన చేతి మీదా పోతుంది. 2014లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి దాక్కోవడానికి పెట్టె ఇచ్చారు, కొన్నిటికి ఇవ్వలేదు. పెట్టె ఉన్నవే తొందరగా కుదురుకున్నాయి. కాబట్టి మంచం కింద మూసెయ్యకండి. అంతకంటే మంచి చోట్లు ఇంకో రెండు చూపించండి, తనే వస్తుంది.

పంజా_డాక్టర్
సోఫా వెనక పోసింది అన్నారు చూడండి, నేను అక్కడ ఆగాను. ముందు మూత్రం పరీక్ష. పిల్లుల్లో బెంగకీ మూత్రాశయం వాపుకీ దగ్గరి చుట్టరికం. ఇన్ఫెక్షన్ లేకుండానే వాపు వస్తుంది, మంట పుడుతుంది, ఆ మంట ట్రే వల్లే వచ్చిందనుకుని పిల్లి ట్రేని వదిలేస్తుంది. పళ్ళు, చెవులు, నడుము కూడా చూపించండి. ఒంట్లో నొప్పి ఉన్న పిల్లి చిన్న చప్పుడుకీ ఉలిక్కిపడుతుంది. నొప్పి తీరకుండా శిక్షణ మొదలెడితే రెండూ దండగ.

చదివే మిగతావాళ్ళకి: మగపిల్లి పదే పదే ట్రేలో కూర్చుని చుక్క కూడా రాక అరుస్తుంటే రేపటికి ఆగొద్దు. దారి మూసుకుపోయిందంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆడపిల్లుల్లో ఇది అరుదు.

ఇంకొకటి, సున్ని 24 గంటలు పూర్తిగా తిండి మానేస్తే ఫోన్ చెయ్యండి. ‘భయం తగ్గాక తింటుందిలే’ అని మూడు రోజులు చూస్తే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది.

రాగిసంకటి
నాలుగు నెలలుగా అంటున్నారు. నాలుగు నెలల కింద ఇంట్లో ఏం మారింది? రంగులు, కొత్త ఫర్నిచరు, ఇన్వర్టరు, పక్కింట్లో కుక్క, ఇల్లు తుడిచే మందు, పనమ్మాయి, ఇంట్లో ఎవరి డ్యూటీ టైమ్ అయినా. చిన్నదే కదా అని వదిలెయ్యకుండా అన్నీ రాయండి.

సున్ని_వాళ్ళమ్మ
కూర్చుని లెక్క వేశాను. ఏప్రిల్‌లో మూడు జరిగాయి. వంటింట్లో ఎలుక కనబడిందని ప్లగ్‌లో పెట్టే ఎలుకల మిషన్లు రెండు కొన్నాం, ఒకటి హాల్లో, ఒకటి వంటింట్లో. కొత్త పనమ్మాయి వచ్చింది, తను రోజూ ఫినాయిల్ ఘాటుగా వేసి తుడుస్తుంది. ఎదురు బిల్డింగ్ పిట్టగోడ మీద ఒక గండుపిల్లి సాయంత్రాలు వచ్చి కూర్చుంటోంది, సున్ని కిటికీలోంచి దాన్నే చూస్తూ గుర్రుమంటుంది. ఇన్వర్టర్ పాతదే.

సీతమ్మధార_77
మిషన్లు పీకేయండి! ఇప్పుడే. ఫోన్ పక్కన పెట్టి వెళ్ళి పీకి రండి.

మనకి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినబడదు. పిల్లికి 64 దాకా వినబడుతుంది. ఎలుకల మిషన్ చేసే పనే ఆ మధ్యలో కూత పెట్టడం. మీకు నిశ్శబ్దంగా ఉన్న హాలు సున్నికి నాలుగు నెలలుగా పగలూ రాత్రీ కూస్తోంది. ఎలుక కోసం పెట్టింది పిల్లికి ప్రాణసంకటమైంది.

కొండపల్లి_బొమ్మ
పీకడం సరే గానీ మొత్తం దాని మీదకే తోసెయ్యకండి. ఆ శబ్దం గోడలు దాటదు, సోఫా అడ్డం వచ్చినా తగ్గిపోతుంది. పడకగది మంచం కిందే దూరుతోంది అంటే లెక్క సరిపోతోంది, నిజమే. కానీ ఆవిడే రాశారు, చిన్నప్పటి నుంచీ బెరుకు అని. మిషన్ తీస్తే ఏప్రిల్ ముందున్న సున్ని తిరిగొస్తుంది, అంతే. కుక్కర్ భయం కుక్కర్ దగ్గరే తీర్చాలి.

సీతమ్మధార_77
@కొండపల్లి_బొమ్మ ఒప్పుకుంటాను. కానీ మోత ఆగకుండా ఏ శిక్షణా ఎక్కదు. అందుకే ముందు అది.

ఎలుకలకి వేరే దారి చూడండి. సింకు కింద పైపు కన్నం స్టీలు పీచు కుక్కి సిమెంటు పెట్టండి. ఎలుకల మందు మాత్రం వద్దు. మందు తిన్న ఎలుకని పిల్లి తింటే అదీ పోతుంది. జిగురు అట్టలు కూడా వద్దు, ముందు అతుక్కునేది సున్నే.

బొంత_కింద_బిల్లి
ఫినాయిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్లి నడుస్తూ గోడ మూలలకీ, గుమ్మాలకీ, మంచం కోళ్ళకీ బుగ్గ రాస్తుంది కదా. బుగ్గల్లోని గ్రంథుల వాసనతో ‘ఇది నా ఇల్లు, ఇక్కడ భయం లేదు’ అని సంతకం పెట్టుకోవడం అది. రోజూ ఘాటు మందుతో తుడిస్తే రోజూ ఆ సంతకాలు చెరిపేసినట్టే. పొద్దున లేచేసరికి పరాయి ఇల్లు.

పైగా ఫినాయిల్, డెట్టాల్ లాంటివి పిల్లి ఒంటికి పడవు. ఆ రకం మందుల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకిందంటే నేరుగా లోపలికే. మామూలు నీళ్ళు, వారానికి ఒకసారి రెండు చుక్కల వాసన లేని సబ్బు, మళ్ళీ మంచినీళ్ళతో ఒక తుడుపు. గోడ మూలల్లో నేల నుంచి జానెడు పైదాకా గుడ్డ తగలనివ్వొద్దని పనమ్మాయికి చూపించండి, చెబితే సరిపోదు.

మెత్తటి నూలు గుడ్డ తీసుకుని, సున్ని తనంతట తాను దగ్గరికొచ్చిన రోజు బుగ్గల మీద రెండుసార్లు రుద్దండి. ఆ గుడ్డని హాల్లో సోఫా మూలలకీ గుమ్మానికీ దాని బుగ్గ ఎత్తులో రాయండి. రోజూ అక్కర్లేదు, రెండు రోజులకోసారి.

గల్లీ_పిల్లి
అక్కా, గండుపిల్లి ముచ్చట చిన్నది కాదు. బయటి పిల్లి కండ్ల ముంగట కూసుంటే లోపటి పిల్లికి ఇల్లు ఇల్లులెక్క అనిపియ్యది. కిటికీ కింది సగం అద్దానికి పాలరంగు స్టిక్కర్ అతికియ్యుండ్రి, పై సగం ఇడిసిపెట్టుండ్రి, ఎలుతురు వస్తది. సున్ని కూసునే ఎత్తుకెల్లి ఆ గోడ కనవడొద్దు. మెయిన్ డోర్ బయట ఆ గండుపిల్లి పోసిందేమో చూడుండ్రి. పోస్తే వాసన తలుపు సందులకెల్లి లోపటికి వస్తది.

సోఫా ఎనక కూడ నీళ్ళతోని కడిగితే పోదు. ఎంజైమ్ ఉన్న బట్టల పొడి ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి రుద్ది, పావుగంట ఉంచి, మంచినీళ్ళతోని తుడిసి ఆరబెట్టుండ్రి. లేకుంటె మల్ల గాడనే పోస్తది.

అట్టపెట్టె_ఆచారి
@గోదారి_గట్టు చెప్పిన దాక్కునే చోట్ల కొలతలు రాస్తాను. మూడున్నర కిలోల పిల్లికి 45 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 35 ఎత్తు ఉన్న అట్టపెట్టె చాలు. బోర్లించి ఒక పక్క 18 సెంటీమీటర్ల గుండ్రటి కన్నం, ఎదురు పక్క ఇంకొకటి. రెండో కన్నం తప్పనిసరి. ఒకే దారి ఉంటే ఎవరో వచ్చి మూసేస్తారన్న భయంతో దూరదు. లోపల మీరు కట్టి విడిచిన నూలు చీర, ఉతక్కుండా. పెట్టెని హాలు మధ్యలో కాదు, గోడకి ఆనించి, మనుషులు నడిచే దారిలో లేకుండా పెట్టండి.

రెండోది ఎత్తు మీద. బీరువా పైన చోటుంటే అదే రాజభవనం. కానీ స్టీలు మీద గోళ్ళు జారతాయి. ఒకసారి జారి పడితే మళ్ళీ ఎక్కదు. పాత యోగా మ్యాట్ ముక్క కోసి రెండు వైపుల టేపుతో అతికించండి. నేల నుంచి ఒక్కసారే బీరువా మీదకి గెంతలేదు, మధ్యలో స్టూలూ, టేబులూ మెట్లుగా ఉండాలి. పైన ఫ్యాన్ రెక్కలు మూడు అడుగుల దూరంలోపు ఉంటే ఆ బీరువా వద్దు, వేరే చోటు చూడండి.

రాగిసంకటి
లిట్టర్ ట్రే ఎక్కడ పెట్టారు?

సున్ని_వాళ్ళమ్మ
మిషన్లు పీకేశాను. ట్రే బాల్కనీలో, వాషింగ్ మెషిన్ పక్కన. మూత ఉన్న ట్రే, వాసన రాకూడదని.

రాగిసంకటి
పిల్లి కూర్చున్నప్పుడు ఒక్కసారి స్పిన్ మొదలై ఉంటుంది, అంతే. ఆ ట్రే పని అయిపోయింది. మూత తీసెయ్యండి, మూత ఉంటే ఎవరొస్తున్నారో కనబడదు. ఒక పిల్లికి రెండు ట్రేలు, రెండు వేర్వేరు గదుల్లో. పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలిచి దానికి ఒకటిన్నర రెట్లు. సున్నికి ఇంచుమించు 60 సెంటీమీటర్లు. దుకాణంలో అమ్మే ట్రేలు చిన్నవి. ప్లాస్టిక్ సామాన్ల కొట్లో వెడల్పాటి టబ్బు కొని ఒక పక్క 12 సెంటీమీటర్ల ఎత్తుకి కోసి, అంచుని ఉప్పుకాగితంతో నున్నగా రుద్దండి. వాసన లేని లిట్టర్ ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందం. రోజుకి రెండుసార్లు ఎత్తితే మూత అవసరమే ఉండదు.

నెల్లూరు_కారం
నాకో అనుమానం. మా వైపు ఊళ్ళలో పిల్లులు రైసుమిల్లులో పడుకుంటాయి. మిల్లు తిరుగుతుంటే చెవి కూడా ఆడించవు. రోజూ మోగిస్తా ఉంటే అదే అలవాటవదా? మరీ సుకుమారం చేస్తున్నారేమో అనిపిస్తా ఉంది.

కొండపల్లి_బొమ్మ
@నెల్లూరు_కారం మిల్లు పిల్లి పుట్టిందే ఆ చప్పుడులో. రెండు నుంచి ఏడు వారాల వయసులో ఏం విని, ఏం చూసి, ఎవరి చేతుల్లో పెరిగిందో అది దానికి మామూలైపోతుంది. ఆ వయసు దాటాక వచ్చే ప్రతి కొత్త చప్పుడూ విడిగా నేర్పాల్సిందే. ఇంకో తేడా, మిల్లు పిల్లికి చిరాకేస్తే గోడ దూకి వెళ్ళిపోతుంది. మూడో అంతస్తులో సున్నికి ఎటు పోవాలి? పారిపోయే దారి లేని చోట మోతని మీద కుమ్మరిస్తే అలవాటు కాదు. ఒక్కోసారి కదలకుండా బిగుసుకుని కూర్చుంటుంది, మనం ‘అలవాటైంది’ అనుకుంటాం. కంటిపాప చూడండి, నల్లగా గుండ్రంగా నిండిపోయి ఉంటుంది.

నెల్లూరు_కారం
ఆ బిగుసుకోవడం సంగతి నాకు తెలియదు. సరే, ఒప్పుకున్నా.

సున్ని_వాళ్ళమ్మ
మరి కుక్కర్ భయం ఎలా తీర్చాలి? వరసగా చెప్పండి, మావారికీ అత్తగారికీ చదివి వినిపిస్తాను.

గోదారి_గట్టు
అసలు కుక్కర్‌తో కాదు, రికార్డింగుతో మొదలుపెట్టాలండి. సున్నిని పడకగదిలో ఉంచి తలుపేసి, మీ ఇంటి కుక్కర్ విజిల్‌నే ఫోన్‌లో పది సెకన్లు రికార్డు చెయ్యండి. నెట్‌లో దొరికే విజిల్ పనికిరాదు, ఒక్కో కుక్కర్‌ది ఒక్కో గొంతు. చిన్న బ్లూటూత్ స్పీకర్ ఉంటే దాన్ని వంటింటి గుమ్మం దగ్గర పెట్టండి. చప్పుడు రోజూ వచ్చే దిక్కు నుంచే రావాలి. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు: స్పీకర్ ఆన్ చెయ్యగానే అది గట్టిగా కూస్తుంది, ‘కనెక్టెడ్’ అని అరుస్తుంది. పిల్లి దానికే పారిపోతుంది. వేరే గదిలో ఆన్ చేసి, ఫోన్‌కి కలిపి, తర్వాత తెచ్చి పెట్టండి. ఫోన్‌కి మెసేజీల మోత రాకుండా చూసుకోండి.

సున్నికి ఆకలి వేసే వేళ ఎంచుకోండి. గది తలుపు తెరిచి ఉండాలి, వెళ్ళిపోవాలనిపిస్తే వెళ్ళనివ్వాలి. వాల్యూమ్ ఎంత అంటే, మీకు వినీ వినిపించనంత. చెవి అటు తిప్పి మళ్ళీ తన పని చూసుకుంటే అదే సరైన మెట్టు. ఒళ్ళు నేలకి అణిచినా, తోక చివర కొట్టుకున్నా, నోటి దగ్గరి ట్రీట్ వదిలేసినా ఎక్కువైనట్టు.

ముందు విజిల్, ఒక సెకను ఆగి ట్రీట్. ఈ వరస తిరగబడకూడదు. ముందు ట్రీట్ చూపించి తర్వాత మోగిస్తే, ట్రీట్ కనబడితే మోత వస్తుందని నేర్చుకుని ట్రీట్‌కే భయపడుతుంది. విడతకి ఐదుసార్లు, మధ్యలో అరనిమిషం అటూ ఇటూ, ఒకే లెక్కన కాకుండా. రోజుకి ఒకటి, మహా అయితే రెండు విడతలు. మూడు విడతలు వరసగా ప్రశాంతంగా గడిస్తేనే ఒక గీత పెంచండి. ఉలిక్కిపడితే రెండు గీతలు తగ్గండి, ఆ రోజుకి ఆపెయ్యండి.

ఈ వారాలన్నీ అసలు కుక్కర్ పెట్టేటప్పుడు సున్ని లోపలి గదిలో, తలుపు వేసి, ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి. పొద్దున గీత గీతగా నేర్పి మధ్యాహ్నం నాలుగు విజిళ్ళు మీద పడేస్తే కట్టిన గోడ కూలినట్టే. పప్పు గంట ముందు నానబెట్టి, మొదటి విజిల్ రాగానే సెగ సిమ్‌లో పెడితే విజిళ్ళు బాగా తగ్గుతాయి. అన్నానికి కరెంటు కుక్కర్.

బాల్కనీ_బిల్లి
ట్రీట్ అంటే ఏదో ఒకటి కాదు, ఆ పిల్లి ప్రాణం పెట్టేది ఒక్కటి ఎంచి శిక్షణకే దాచాలి. మామూలు వేళ పెట్టొద్దు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడి రొమ్ము ముక్క, వేలి గోరంత. ఎండు నెత్తళ్ళయితే ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్ళలో నానబెట్టి పిండి, ఒక్కోటి రెండు తునకలు.

సున్ని_వాళ్ళమ్మ
అత్తగారు వంటింట్లో మాంసం పెట్టనివ్వరు. పాలు, పెరుగు ఇవ్వచ్చా?

బాల్కనీ_బిల్లి
పాలు వద్దు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, కడుపు పాడవుతుంది. నాకించే క్రీము ట్రీట్ల పొట్లాలు పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి. వండే పనీ లేదు, గిన్నె పనీ లేదు. పొట్లం కొన చింపి ఒక నాకుడుకి ఒక చుక్క. సున్నికి రోజుకి ఒక పొట్లం దాటొద్దు, ఆ మేరకి మామూలు తిండి తగ్గించండి.

పంజా_డాక్టర్
శాకాహారం ఇల్లు అన్నారు కాబట్టి ఒక మాట. సున్ని రోజూ తినేది పిల్లుల కోసం చేసిన తిండేనా? పెరుగన్నం మీద పిల్లి నిలవదు. టారిన్ అనే పోషకం అందక గుండె, కళ్ళు దెబ్బతింటాయి.

సున్ని_వాళ్ళమ్మ
పిల్లుల తిండేనండి, పొడిది. మూత్రం పరీక్షకి రేపు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

బే_ఏరియా_బుజ్జి
ఫెలివే అని ప్లగ్‌లో పెట్టే డిఫ్యూజర్ దొరికితే పెట్టి చూడండి. పైన బొంత_కింద_బిల్లి గారు చెప్పిన బుగ్గ సంతకానికి తయారుచేసిన నకలు అది. మనుషులకి వాసన తెలియదు. ఒక్కోటి 50 నుంచి 70 చదరపు మీటర్ల దాకా, నెల రోజులు. పిల్లి ఎక్కువ గడిపే గదిలో పెట్టి స్విచ్ ఆపకూడదు. సోఫా వెనకా కర్టెన్ వెనకా పెడితే దాని ఆవిరి గదిలోకి రాకుండా అక్కడే ఉండిపోతుంది.

కొండపల్లి_బొమ్మ
దాని మీద పరిశోధనలు అటూ ఇటూగా ఉన్నాయి. కొన్ని పిల్లులకి పనిచేస్తుంది, కొన్నిటికి ఏ తేడా కనబడదు. చేతిలో ఉన్న డబ్బు ముందు పెద్ద టబ్బులకీ ట్రీట్లకీ పెట్టండి. మిగిలితే ఇది.

బొంత_కింద_బిల్లి
ఫెలివే సరే, దాని పేరు చెప్పి యూకలిప్టస్, టీ ట్రీ నూనెలు డిఫ్యూజర్‌లో పోసేవాళ్ళున్నారు. పిల్లి ఉన్న ఇంట్లో ఆ నూనెలు విషం. కలరా ఉండలు కూడా. సాంబ్రాణి వేసే రోజు సున్నిని వేరే గదిలో ఉంచి, పొగ పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచండి. అత్తగారి పూజ ఆపక్కర్లేదు, అరగంట గది మార్చితే చాలు.

మేనత్త_మీసాలు
బాబు గురించి ఎవరూ రాయలేదు. తొమ్మిదేళ్ళ వాడికి పని అప్పగిస్తే వాడే మంచి గురువవుతాడు. పెట్టెలో ఉన్న సున్నిని ముట్టకూడదు, తొంగి చూడకూడదు, ఇది మొదటి కట్టుబాటు. రెండోది, నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, సున్ని చూసినప్పుడు కళ్ళు మెల్లగా సగం మూసి, తెరిచి, మొహం తిప్పుకోవాలి. 2020లో ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూశారు, అలా మెల్లగా కళ్ళు ఆర్పిన మనిషికి పిల్లులు తిరిగి కళ్ళు ఆర్పాయి, చెయ్యి చాపితే దగ్గరికి రావడమూ పెరిగింది. మూడోది, దగ్గరికొస్తే ఒక వేలు దాని ముక్కు ఎత్తులో చాపాలి. బుగ్గ రాస్తే మూడు సెకన్లు బుగ్గ నిమిరి ఆపాలి. మళ్ళీ తల తోస్తే ఇంకో మూడు. పొట్ట, తోక జోలికి పోకూడదు.

సాయంత్రం పొద్దుగూకే వేళ కర్రకి కట్టిన ఈకతో ఎనిమిది పది నిమిషాలు ఆట కూడా వాడిదే. ఈక పిల్లి మీదకి దూసుకురాకూడదు, దాన్నుంచి పారిపోవాలి. చివర్లో రెండుసార్లు దొరకనిచ్చి వెంటనే తిండి పెట్టాలి. ఆట అయ్యాక కర్రని బీరువాలో పెట్టి తాళం. దారం మింగితే పేగులు కోసుకుపోతాయి.

సున్ని_వాళ్ళమ్మ
పన్నెండు రోజులైంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు, రాళ్ళు లేవు, బెంగ వల్ల వచ్చిన వాపే అన్నారు. నొప్పికి మందు ఐదు రోజులు వాడాం, తడి తిండి కలపమన్నారు. టబ్బులు రెండు పెట్టాక బయట పోయలేదు. మిషన్లు తీసిన మూడో రోజు నుంచి పగలు హాల్లోకి వస్తోంది. బీరువా మీద మధ్యాహ్నం నిద్ర. విజిల్ రికార్డింగు మూడో గీతలో ఉన్నాం. మిక్సీకి మాత్రం కాలు కాలిన పిల్లే, ఆన్ చెయ్యకముందే, జారు తియ్యగానే పరుగు.

అట్టపెట్టె_ఆచారి
జారు చప్పుడే దానికి హెచ్చరిక అయిపోయింది. దాన్నే మనవైపు తిప్పుకోవచ్చు. మిక్సీ తీసే ముందు ఎప్పుడూ ఒకే మాట అనండి, ‘సున్ని, లోపలికి’. పడకగదిలోకి నడిచి ట్రీట్ పెట్టి, తలుపు వేసి, అప్పుడు జారు తియ్యండి. వారం తిరిగేసరికి ఆ మాటకి పరిగెత్తదు, నడుస్తుంది. ఉలికిపాటుకి సగం కారణం ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే.

మిక్సీ కింద మందపాటి టవల్ నాలుగు మడతలు వెయ్యండి, కింద గాలి కన్నాలు మూసుకోకుండా పాదాల కిందే. వంటగట్టు రాయి అదురు గోడల్లోకి పాకుతుంది, పిల్లి అరికాళ్ళకి అది తెలుస్తుంది. స్టీలు గిన్నెలు బోర్లించే బుట్ట కింద రబ్బరు షీటు. కాలింగ్ బెల్ పక్షి కూతదైతే మార్చేయండి, పిల్లికి అంతకంటే అన్యాయం లేదు :)

సున్ని_వాళ్ళమ్మ
పక్షి కూతే! ఇవాళే మారుస్తాం. ఇంకో భయం ఉంది. వినాయక చవితి మండపం మా సెల్లార్లోనే, ఆ తర్వాత దీపావళి. పోయిన ఏడు దీపావళికి సున్ని రోజున్నర తినలేదు. ఏదైనా మాత్ర ఇవ్వచ్చా?

పంజా_డాక్టర్
మాత్ర ఉంది, కానీ డాక్టర్ చూసి రాయాలి. గాబాపెంటిన్ లాంటివి చప్పుడు మొదలవడానికి రెండు మూడు గంటల ముందు ఇస్తారు. మోత మొదలయ్యాక ఇస్తే అంత పట్టదు. పండగకి వారం ముందే ఒక మామూలు రోజున ఒక డోసు వేసి చూడాలి. కొన్ని పిల్లులు తూలతాయి, అలాంటప్పుడు బీరువా మెట్లు తీసెయ్యాలి. ఏడాది పొడుగునా ఇదే భయమైతే రోజువారీ మందులు వేరే ఉన్నాయి, వాటి గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇంట్లో ఉన్న మనుషుల మందు ఒక్కటి కూడా వెయ్యకండి. పారాసెటమాల్ సగం మాత్ర చాలు పిల్లి ప్రాణం తియ్యడానికి. నిద్రమాత్రలు, దగ్గు మందులు అన్నీ అంతే.

గల్లీ_పిల్లి
దీపావళికి ముందుగాల్నే అర్ర తయారు జేసి పెట్టుండ్రి. బయటి గోడ లేని అర్ర అయితే మంచిది, లేకుంటె బాత్రూం దిక్కున్నది. కిటికీలు మూసి, బొంతలు అడ్డం కట్టి, ఫ్యాన్, టీవీ మామూలు సప్పుడుతోని. పెట్టె, నీళ్ళు, టబ్బు అన్నీ అండ్లనే. పండుగకు వారం ముందుకెల్లి రోజూ ఆ అర్రల తిండి పెట్టుండ్రి, ఆ దినమే కొత్తగ తోలుకపోతే జైలు అనుకుంటది. సుప్రీంకోర్టు 2018ల పటాకలకు రాత్రి 8 నుంచి 10 దాక టైమ్ పెట్టింది గని మన గల్లీలల్ల పొద్దుమీకితెనే షురూ. ఐదు గొట్టంగనే లోపట ఉండాలె. మెయిన్ డోర్ తీసేటప్పుడు ఒకరు అర్ర తలుపు దగ్గర నిలవడుండ్రి. పండుగ నాడు పోయిన పిల్లులు చానా మట్టుకు తెరిచిన తలుపులకెల్లి పోయినయే.

చవితి మండపపోళ్ళతోని ఇప్పుడే మాట్లాడుండ్రి, స్పీకర్ల మొహం లిఫ్ట్ దిక్కు కాకుండ గేటు దిక్కు పెట్టుమని. డప్పుల అదురు పిల్లర్లకెల్లి పైకి ఎక్కుతది.

గోదారి_గట్టు
పటాకాల రికార్డింగు కూడా విజిల్ పద్ధతిలోనే, విజిల్ శిక్షణ అవగానే మొదలుపెట్టండి, రెండు నెలలు ఉంది. ఒకే చప్పుడు కాకుండా తారాజువ్వ, సీమటపాకాయల సర, లక్ష్మీ బాంబు వేర్వేరుగా. రెండూ ఒకే రోజు వద్దు. చిన్న స్పీకర్లో బాంబు గుండెల్లో దిగే దెబ్బ రాదు, అందుకని ఇది అరవై పాళ్ళే అనుకోండి. గది ఏర్పాటు మానకూడదు.

సున్ని_వాళ్ళమ్మ
ఇవాళ ఒకటి జరిగింది. నాలుగో గీతలో విజిల్ మోగించాను. సున్ని చెవులు అటు తిప్పింది, వంటింటి వైపు చూసింది, తర్వాత నా చేతి వైపు చూసింది. ట్రీట్ కోసం! అత్తగారు కూడా చూశారు. రేపు ఐదో గీత పెట్టనా, లేక అసలు కుక్కర్ ఒక్క విజిల్ వినిపించనా?

గోదారి_గట్టు
రెండూ వద్దు. రేపూ ఎల్లుండీ నాలుగే. చెయ్యి వైపు చూడటం మూడు విడతలు వరసగా వస్తే ఐదు. అసలు కుక్కర్ స్పీకర్ వాల్యూమ్ సగం దాటాక, పడకగది తలుపు బెత్తెడు తెరిచి, ఒకే ఒక్క విజిల్.

రాగిసంకటి
ట్రీట్ చేతిలో ముందే పట్టుకుని కూర్చోకండి. జేబులో ఉంచండి.

సున్ని_వాళ్ళమ్మ
చేతిలోనే పట్టుకున్నాను ఇన్నాళ్ళూ. రేపటి నుంచి జేబులో.